పాటగద్దె మీద విత్తని బుట్ట

నేరేడుపుట్టు దాకా జీపు వస్తుంది. అక్కడి నుంచి పాటగద్దెకు కాలినడకే గతి. గెడ్డలని పిలిచే వాగులు రెండు దాటి, అడ్డాకుల తుప్పల మధ్య నుంచి గంటన్నర ఎక్కాలి. మెట్లు కట్టిస్తామని దాతలు ముందుకు వచ్చారు గాని ఊరివాళ్ళు ఒప్పుకోలేదు. ఎక్కలేనివారు కింది నుంచే దండం పెట్టుకోవచ్చు, అమ్మవారు తప్పు పట్టదు. ఎక్కగలిగినవారు మాత్రం కొన్ని సంగతులు తెలుసుకుని ఎక్కడం మంచిది.

పైన గోపురం లేదు, ధ్వజస్తంభం లేదు, గంట లేదు. గంట కోసం వెతికే భక్తులు ప్రతి ఏడూ వస్తారు. దొరకక, చేతులు ఊరుకోక, చప్పట్లు కొడతారు. దయచేసి కొట్టకండి. అక్కడ ఉన్నది నడుమెత్తు నల్లబండ. బండ మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్న ఆడమనిషి రూపంలో ఒక రాయి. ఆ రాతి ఒడిలో వెదురుబుట్ట, బుట్టలో దంపని సామలు. పక్కనే బండలోనే తొలిచిన రోలు, రెండు రోకళ్ళు. పేరేమో పాటగద్దె. పాట మాత్రం ఎన్నడూ వినపడదు. భజన బృందాలతో వచ్చేవారు మద్దెలలూ తాళాలూ నేరేడుపుట్టులోనే దింపి రావాలి. ఇదేం ఆచారం, పాట లేని పాటగద్దె ఏమిటి అని విసుక్కునేవారి కోసమే ఈ కథ.

పూర్వం ఇక్కడ విగ్రహం లేదు. బండ ఉంది, రోలు ఉంది, పాట ఉంది.

దాన్ని గింజలు లేపే పాట అనేవారు. తొలకరి మబ్బు కనబడ్డాక, ఏడాదికి ఒక్కసారి, ఊరి విత్తనాలన్నీ ఈ బండ దగ్గరకు చేర్చి, కుంచెడు సామలు దంపుతూ పాడేవారు. పాటలో ఉన్న కథ పెద్దదేమీ కాదు. కరువులో ఒక తల్లి దగ్గర బుట్టెడు విత్తనాలు మిగిలాయి. ఒడిలో పిల్ల ఆకలికి ఏడుస్తోంది. వండితే పిల్ల బతుకుతుంది, కొండ మీద ఇక పంట ఉండదు. తల్లి వండలేదు. పిల్ల పోయింది. వాన పడ్డాక విత్తబోతే గింజలు మేం లేవం అన్నాయి. పసిదాని ప్రాణం మింగిన వాళ్ళం, ఏ మొహంతో మొలుస్తామన్నాయి. అప్పుడా తల్లి ఒక్కొక్క గింజనూ పిల్ల పేరు పెట్టి పిలిచి, బతిమాలి, లేపింది. ఆ తల్లే గింజలమ్మ. ఆ బతిమాలుడే పాట. పాడకుండా విత్తితే గింజ లేవదని ఈ కొండ తరతరాలుగా నమ్మింది.

ఆ పాట ఒక్క నోట్లోనే ఉండాలి. ఊరంతా వినవచ్చు గాని గొణగడానికి కూడా వీల్లేదు. పాడే మనిషి ముసలిదయ్యాక ఇంకొకరికి ఇస్తుంది. ఇవ్వడానికీ ఒక పద్ధతి ఉంది. ఇద్దరూ రోలుకు అటూ ఇటూ కూర్చోవాలి. ఇచ్చే మనిషి పాడాలి. పుచ్చుకునే మనిషి తప్పు లేకుండా మొదటి నుంచి చివరి దాకా తిరిగి అప్పజెప్పాలి. అప్పుడు ఇచ్చిన మనిషి చారెడు విత్తనాలు తీసి, పుచ్చుకున్న మనిషి కొంగులో పోసి ముడి వేస్తుంది. ఆ ముడితో పాట చేతులు మారినట్టు. ఇక ఇచ్చిన నోరు ఆ పాట పలకకూడదు. పలికితే వడ్డించిన అన్నం విస్తట్లోంచి లాక్కున్నంత తప్పు.

ఈ కథ నాటికి పాట కొర్రా బుద్రమ్మ నోట్లో ఉంది. ఆమె ముప్ఫై ఒక్క తొలకరులు పాడింది. ఒక ఏడు చిన్న కొడుకు జ్వరంతో పోయాడు. పొద్దున్న కొడుకు పోయాడు, మధ్యాహ్నం మబ్బు పట్టింది. శవాన్ని ఇంట్లో పడుకోబెట్టి వచ్చి, కుంచెడు సామలు దంచి, పాట పూర్తిగా పాడి, అప్పుడు వెళ్ళి కొడుకును మట్టి చేసింది. ఆ ఏడు పంట బాగా పండింది. ఆ పంటను చూసుకునే ఆమె బతికింది.

వయసు మీద పడ్డాక పాట ఎవరికైనా ఇచ్చేద్దామని చూసింది. పుచ్చుకునేవాళ్ళు లేరు. పాట ఉన్న మనిషి కొత్త పంట అందరి ఇళ్ళలో ఉడికాక గాని తినకూడదు. మబ్బు పట్టింది మొదలు విత్తు పడేదాకా కొండ దిగకూడదు, సంతకు పోకూడదు. ఏ పిల్ల పడుతుంది ఇన్ని కట్లు? పెద్దకోడలు సోములమ్మ అయితే మొహం మీదే చెప్పింది.

"నీ పాట నాకొద్దత్తా. నా పిల్లల ఏడుపు సాలు నాకు."

అలాంటి రోజుల్లో కూర్మనాథం పంతులు కొండెక్కాడు. కింద పట్నంలో పెద్ద చదువు చదివినవాడు, కొండ జనం పాటలు సేకరించి పుస్తకం వేయాలని వచ్చినవాడు. ఒక ట్రంకుపెట్టె నిండా నోటుపుస్తకాలు, గొడుగు, సిరాబుడ్డి. మంచివాడే. చోడి అంబలి పెడితే వంక పెట్టకుండా తాగాడు. రోకలి పట్టుకుంటే ఆడవాళ్ళంతా నవ్వారు, దంచుతున్నాడా చేపలు పడుతున్నాడా అని. ఆయనా నవ్వాడు, పట్టు వదలకుండా నేర్చుకున్నాడు. ఇరవై ఒక్క రోజులు బుద్రమ్మ అరుగు మీద కూర్చుని, ఆమె ఏది పాడితే అది రాసుకున్నాడు. నాట్ల పాటలు, పెళ్ళి పాటలు, పెద్దపులి కథ, ఏవీ వదలలేదు. పాడుతుంటే ఆయన కళ్ళు చెమర్చేవి. బుద్రమ్మ పుట్టి బుద్ధి ఎరిగాక ఆమె నోటివైపు అంత ఆత్రంగా చూసిన మనిషి లేడు. కట్టుకున్నవాడూ చూడలేదు, కన్నవాళ్ళూ చూడలేదు. వినేవాళ్ళు కరువైతే మనిషి ఎంతకు దిగుతుందో, ఆ ఆకలి తెలియనివారు ఆమెను తప్పు పట్టకూడదు.

గింజలు లేపే పాటను ఆయన అడగలేదు, పాపం. ఆమే ఇస్తానంది. ఊరిపెద్ద పండన్న ఆమెకు అక్క కొడుకు వరస. ఆ మాట విని పరిగెత్తుకొచ్చాడు.

"ఆడు కింద మనిసి పిన్నీ. పాట అట్టుకుని దిగిపోతాడు."

"సెవి ఉన్నోడురా. కాళ్ళదేటుంది, పిలిత్తే వొత్తాయి" అంది బుద్రమ్మ.

రోలుకు అటూ ఇటూ కూర్చున్నారు. ఆమె పాడింది, ఆయన రాసుకున్నాడు. రాసింది సరిగ్గా ఉందో లేదో చూసుకుందామని మొదటి నుంచి చివరి దాకా చదివి వినిపించాడు. ఒక్కచోట ఆమె దిద్దింది. దిద్ది మళ్ళీ చదివాడు. తప్పు లేదు. అది ఆయనకు అచ్చుకు ముందు చేసే పని. చుట్టూ నిలబడ్డ ఊరికి మాత్రం అది అప్పజెప్పడం. బుద్రమ్మ చారెడు సామలు తీసి ఆయన ఉత్తరీయంలో పోసి ముడి వేసింది. పాట ఇక నీదే బాబూ అంది. తొలకరికి వస్తావు కదా అని అడిగింది. తప్పకుండా వస్తానమ్మా అన్నాడాయన. కింద ఊళ్ళలో గడప దిగుతూ అందరూ అనే మాటే అది.

ఆయనకు ఆచారం తెలియదనుకుంటే పొరపాటు. ఇచ్చే పద్ధతి, పుచ్చుకునే పద్ధతి, ముడి వేశాక ఇచ్చిన నోరు మూతపడుతుందన్న సంగతి, అన్నీ పండన్నను అడిగి మరీ వివరంగా రాసుకున్నాడు. ఒక పేజీన్నర వచ్చింది. ఆ పేజీన్నర తన మీదే పడిందని మాత్రం ఆయనకు తోచలేదు. రాసుకునేవాడికి తాను రాతకు బయట ఉన్నాననిపిస్తుంది కాబోలు.

మరుసటి ఏడు మబ్బు పట్టింది. ఊరు విత్తనాలు తెచ్చి బండ దగ్గర పెట్టింది. బుద్రమ్మ రోజూ వెళ్ళి దారి చూసింది. నాలుగు రోజులు చూసి, పండన్నను తోడు తీసుకుని కొండ దిగింది. మబ్బు పట్టాక ఆమె కొండ దిగడం ముప్ఫై ఒక్క ఏళ్ళలో అదే మొదలు. ఇప్పుడు పాట తనది కాదు కనుక దిగవచ్చు. దిగకూడని మనిషి కిందే ఉన్నాడు.

రెండు రోజులు నడిచి, ఒక పూట బస్సులో నిలబడి, అడుగుతూ అడుగుతూ పంతులుగారి వీధి పట్టుకున్నారు. ఆయన వీధిలోకి పరిగెత్తుకొచ్చి అందరూ చూస్తుండగా బుద్రమ్మ కాళ్ళకు దండం పెట్టాడు. కుర్చీలో కూర్చోబెట్టాడు, కాఫీ తెప్పించాడు. అచ్చయిన పుస్తకం తెచ్చి ఒళ్ళో పెట్టి, ఇదిగో నీ పేరు అని వేలుపెట్టి చూపించాడు. నల్లచీమల బారులో తన పేరు ఏదో ఆమెకు తెలియలేదు. బయల్దేరు బాబూ, మబ్బు పట్టేసింది, గింజలు బండ మీద ఉన్నాయి అంది.

ఆయనకు ఆ మాట అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. అర్థమయ్యాక ప్రేమగానే నవ్వాడు.

"పాట నీ నోట్లోనే ఉంది కదమ్మా. నువ్వే పాడెయ్యి. నేనేమీ అనుకోను."

"నివ్వనుకోడానికేటుంది బాబూ. నానిచ్చీసినాను."

ఆయన పుస్తకం తెరిచి, ఆ ఆచారం రాసిన పేజీ తీసి, ఉత్సాహంగా పైకి చదవడం మొదలుపెట్టాడు. ముడి వేశాక ఇచ్చిన నోరు అన్నచోటికి వచ్చేసరికి ఆగిపోయాడు. తర్వాత పేజీ తిప్పి పాట చదివాడు. మాట ఒక్కటీ పోలేదు, అన్నీ ఉన్నాయి. బాణీ లేదు. చెరిగి పోసిన ఊక కూడా అచ్చు గింజలాగే కనబడుతుంది. బుద్రమ్మ తల వంచుకుని చివరి దాకా వింది.

ఎల్లుండి సభ ఉందని, ఈ పుస్తకానికే సన్మానమని, అది కాగానే నాలుగో రోజుకు కొండ మీద ఉంటానని ఆయన మాట ఇచ్చాడు. ఈసారి గడప దిగేటప్పటి మాట కాదు, నిజంగానే ఇచ్చాడు. ఆమె నమ్మి వెనక్కి వచ్చింది.

ఆయన రాలేదు. ఈ సన్మానం కాగానే పక్క ఊళ్ళో మరో సన్మానం వచ్చింది. అది కాగానే చుట్టాల ఇంట్లో పెళ్ళి వచ్చింది. జబ్బు చేయలేదు, దారి తెగలేదు, దేవుడు అడ్డం పడలేదు. వింటున్న భక్తులకు పెద్ద కారణం ఏదైనా చెప్పగలిగితే బాగుండును. లేదు. రేపు వెళదామనుకున్నాడు, అంతే.

మొదటి వాన పడింది. రెండో వాన పడింది. నేల పదునెక్కి వాసన వేస్తోంది. పదకొండు రోజులు ఊరు ఆగింది. ఇళ్ళలో పాత పంట తరిగి గంజి పలచబడింది, పిల్లలు అడవి దుంపలు తిని కడుపునొప్పితో మెలికలు తిరిగారు. సోములమ్మ చిన్నపిల్ల లేచి నిలబడలేకపోయింది. పన్నెండో రోజున ఊరంతా బుద్రమ్మ గుమ్మం ముందు నిలబడింది. తిట్టినవాళ్ళు తిట్టారు, ఏడ్చినవాళ్ళు ఏడ్చారు. పండన్న దగ్గరకు వచ్చి గొంతు తగ్గించి బతిమాలాడు.

"పాడీ పిన్నీ. ఎవుడు సూడొచ్చినాడు."

"నాను సూడనా?" అంది బుద్రమ్మ.

పాట ఆమె నోట్లో నిండుగా ఉంది. ఒక్క ముక్క చెరగలేదు. పెదవి కదిపితే చాలు ఊరు బతుకుతుంది. కదిపితే పాట దొంగసొత్తు అవుతుంది, దొంగసొత్తుతో పిలిస్తే గింజ లేవదు అని ఆమె నమ్మకం. అందుకని కదపలేదు. ఆమెది మొండితనం అన్నవాళ్ళు ఊళ్ళో అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. నీతి తప్పనివాళ్ళకు లోకం పెట్టిన పేరే అది.

ఊరు పాట లేకుండానే విత్తింది. ఏడుస్తూ విత్తింది. విత్తనాలు పారబోసుకుంటున్నామనే అనుకుంది. బుద్రమ్మ తన విత్తనాల బుట్ట మాత్రం విత్తనివ్వలేదు.

ఏడో రోజున మొలకలు వచ్చాయి.

ఒకరి మడిలో కాదు, అందరి మడుల్లోనూ వచ్చాయి. ఎప్పటిలాగే వచ్చాయి. చుట్టూ కొండవాలంతా లేతపచ్చ పరుచుకుంది. జనం మడి గట్ల మీద నిలబడి చూశారు. సంతోషించడానికి కూడా భయపడ్డారు. సోములమ్మ అత్త దగ్గరకు పరిగెత్తుకొచ్చింది. ఎత్తిపొడవాలని కాదు, ముసలిదాని గుండెబరువు దింపుదామనే వచ్చింది.

"సూసినావా అత్తా. పాట నేకపోయినా మొలిసినాయి."

బుద్రమ్మ ఆ పచ్చదనం వైపు చూసింది. తర్వాత పండన్నను పిలిపించింది. ఒక్కటే అడిగింది.

"ఆ యేడు నా సిన్నోడిని ఇంట్లో ఒగ్గీసి వొచ్చి పాడినాను గదరా. ఆ రోజు పాడకపోయినా మొలిసీవా?"

పండన్న ఊరిపెద్ద. ఎన్నో తగవులు తీర్చినవాడు. మొలిచేవి అంటే ఆమె ముప్ఫై ఒక్క ఏళ్ళూ బూడిద. మొలిచేవి కావు అంటే ఎదురుగా ఉన్న పచ్చదనం అబద్ధం. ఆయన తలపాగా తీసి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. అంతకంటే ఏం చేయగలడు.

బుద్రమ్మ బుట్ట పుచ్చుకుని వెళ్ళి ఈ బండ మీద కూర్చుంది. పైరు ఎదిగింది, కంకి వేసింది. ఇంట్లో మిగిలిన కొద్దిపాటి పాత గింజలతోనే సోములమ్మ పూటపూటా పలచటి అంబలి తెచ్చి తాగించింది. పంట చేతికొచ్చాక కొత్త సామల అన్నం తెచ్చింది. బుద్రమ్మ విస్తరి పక్కకు జరిపింది. కోడలు కాళ్ళు పట్టుకుంది. పాట లేకపోయినా మొలిచింది కదా అత్తా, ఇంకా ఏమిటి నీ పంతం అని వలవలా ఏడ్చింది.

"మొలుత్తాయే అమ్మా. ఆటికేటి, తడి తగిల్తే మొలుత్తాయి. మొలవమని ఆటిని అడిగినోళ్ళే నేరు. అడగని పంట నాను తినను."

ఆ తర్వాత ఆమె మాట్లాడినట్టు ఎవరూ చెప్పలేదు. ఎన్నాళ్ళు అలా ఉందో కథలో లెక్క లేదు. ఒకరోజు పొద్దున సోములమ్మ వచ్చేసరికి ఆమె కూర్చున్నట్టే ఉంది, ప్రాణం లేదు. ఒడిలో బుట్ట ఉంది. బుట్టలో నుంచి ఒక్క గింజ తగ్గలేదు. అమ్మ అక్కడికక్కడే రాయి అయిందని యాత్రికులు చెప్పుకుంటారు. అక్కడే పాతిపెట్టి పైన రాయి నిలబెట్టామని పండన్న వంశం వాళ్ళు చెబుతారు. ఎవరి నమ్మకం వారిది. గింజలమ్మకు ముందు రూపం లేదు, ఆ రోజు నుంచి ఉంది.

కూర్మనాథం పంతులు మార్గశిరంలో వచ్చాడు. బుద్రమ్మకు కప్పుదామని పట్టుశాలువా తెచ్చాడు. ఎవరూ ఆయనను ఒక్క మాట అనలేదు. తోవ చూపించారు. ఆయన రాయిని చూశాడు, బుట్టను చూశాడు. శాలువా రోలు పక్కన పెట్టాడు. పుస్తకం తీసి, ఇప్పుడు పాడతానన్నాడు. నోరు తెరిచాడు. మాటలు ఉన్నాయి, పాట లేదు. బాణీ ఎవరైనా అందించండి అని ఊరందరినీ పేరుపేరునా వేడుకున్నాడు. అక్కడున్న ముసలివాళ్ళ చెవులన్నిటిలోనూ ఆ బాణీ ఉంది. ఒక్కరూ కూనిరాగం తీయలేదు. పాట నీది కదా బాబూ, మేమెలా పలుకుతాం అని పండన్న మర్యాదగా చెప్పాడు. తిట్టినా ఆయనకు అంత దెబ్బ తగిలి ఉండేది కాదు.

అప్పుడాయన రోకలి అందుకున్నాడు. దంచడం వచ్చు కదా, ఈ ఊళ్ళోనే నేర్చుకున్నాడు. కుంచెడు సామలు, నోరు విప్పకుండా, చివరి దాకా దంచాడు. దెబ్బ పడుతూనే ఉంది. దెబ్బకూ దెబ్బకూ మధ్య పాట ఉండవలసిన చోటు ఖాళీగా ఉంది. ముసలివాళ్ళు ఆ ఖాళీలో ఏం వింటున్నారో మొహం చూస్తే తెలిసేది, ఆయనకు మాత్రం ఏమీ వినపడలేదు. దంచడం అయ్యాక సంచిలో నుంచి ఉత్తరీయం తీశాడు. ఆమె వేసిన ముడి విప్పకుండానే ఉంది. విప్పితే సగం పుచ్చు, సగం పొడి. ఆ పొడినే బుట్టలో పోశాడు.

బతికినన్నాళ్ళూ ప్రతి తొలకరికీ ఆయన ఒక్క రోజు ఆలస్యం కాకుండా వచ్చేవాడట. వచ్చి దంచి వెళ్ళేవాడట. పాట రాలేదు. విన్న చెవులు ఒక్కొక్కటే మట్టిలో కలిశాయి. చివరి చెవి సోములమ్మది. ఆమె పోయిన రోజుతో బాణీ భూమ్మీద లేకుండా పోయింది. పుస్తకం ఏదో గ్రంథాలయంలో ఉందంటారు. ఉండవచ్చు.

నేటికీ మబ్బు పట్టాక, విత్తుకు ముందు ఒక రోజు, ఊళ్ళోని ప్రతి ఇంటి నుంచి చారెడు సామలు తెచ్చి అమ్మవారి బుట్టలో పోస్తారు. అవి విత్తరు, వండరు, ప్రసాదంగా పంచరు. అడిగి విసిగించవద్దు. పిట్టలు తింటాయి, చీమలు మోసుకుపోతాయి. తర్వాత ఇద్దరు ఆడవాళ్ళు కుంచెడు సామలు దంచుతారు. దంచినంతసేపూ వచ్చినవాళ్ళంతా నోరు మూసుకుని నిలబడాలి. సెల్‌ఫోన్లు పట్టుకుని, పాట ముక్కైనా దొరుకుతుందేమోనని తిరిగే చదువుకున్నవారు ఈ మధ్య ఎక్కువయ్యారు. వారూ నిలబడాలి, వారే ముందు నిలబడాలి.

ఫలం సంగతి కూడా చెప్పుకోవాలి. పాటగద్దె ఎక్కితే పంట పెరుగుతుందని, సంతానం కలుగుతుందని ఊరివాళ్ళు ఎన్నడూ అనలేదు. అన్నారని చెప్పి కింద కొబ్బరికాయలు అమ్మేవారి మాట నమ్మవద్దు. ఎవరి దగ్గర ఏది పుచ్చుకుని మరిచిపోయారో అది ఇక్కడ నిలబడినవాడికి గుర్తుకొస్తుందంటారు. అదే ఈ తల్లి ఇచ్చే వరం. ఇంటికి తీసుకువెళ్ళడానికి అది అంత తేలికైనదేమీ కాదు.

రోకళ్ళు ఆగాక ఊరిపెద్ద తోవ వైపు తిరిగి నిలబడి, పాట పుచ్చుకున్నోడు వచ్చినాడా అని మూడుసార్లు పిలుస్తాడు. భక్తులు బదులు పలకకూడదు. మూడోసారి పిలిచాక అందరూ తోవ వైపు చూస్తారు. కాసేపు చూసి, ఎవరి విత్తనాలు వారు తీసుకుని, కొండ దిగి మడుల్లోకి వెళతారు. ఆ ఏడు కూడా గింజలను అడగకుండానే విత్తుతారు, ఆ ఏడు కూడా మొలుస్తాయి.